మొదటి చుట్టు ఖాళీ

"తాడు దాటి రావద్దండీ! ఒకసారి చెబితే అర్థం కాదా? వెనక్కి, వెనక్కి!"

చక్రం తాత గొంతు బొంగురుపోయింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఇసక వేస్తే రాలనంత జనం. మిల్లు గోడ మీద జనం, క్వార్టర్ల డాబాల మీద జనం, నీళ్ల ట్యాంకు మెట్ల మీద జనం. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, ఫోన్లు పైకెత్తి పట్టుకున్న కుర్రాళ్లు. అందరి చూపూ ఆ పెద్ద చక్రం మీదే.

"ఏమే, ఈ పార్కుకి వెయ్యి మంది వస్తే చెవి కోసిస్తానన్నావు, గుర్తుందా?" అన్నాడు భార్యతో.

"కోసుకో. నీ చక్రం కథలు విని విని అదెప్పుడో పనిచెయ్యడం మానేసింది."

ముప్పై ఏళ్ల కిందట ఉక్కు మిల్లు పక్కన ఈ పార్కు కట్టిన షావుకారు ఒక్క సంగతి మరిచిపోయాడు. పొద్దస్తమానం క్రేను మీద ఊగి దిగినవాడు, టిక్కెట్టు కొని మళ్లీ ఊగడానికెందుకొస్తాడు? తెల్లటి హంస పడవలు దింపాడు. మిల్లు పొగకి వారం తిరిగేసరికి హంసలన్నీ కాకులయ్యాయి. పంతొమ్మిది నెలలకి పార్కు మూతపడింది. షావుకారు ఊరొదిలి పోయాడు. చక్రం తిప్పిన మనిషి మాత్రం కాపలాకి అక్కడే మిగిలాడు.

ఆ పంతొమ్మిది నెలల్లో ఒక్కరోజైనా ఆయన మొదటి చుట్టు మనుషులతో తిప్పలేదు. పదహారు పెట్టెల తలుపులూ తెరిచి, లోపల తల పెట్టి చూసి, ఖాళీగా ఒక చుట్టు తిప్పేవాడు. ఆ తర్వాతే జనం. చాలా రోజులు రెండో చుట్టు కూడా ఖాళీగానే తిరిగింది, అది వేరే సంగతి.

పార్కు నిండా జనం ఉండగా ఒక్కసారి బొత్తాం నొక్కాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే. డెబ్బై దాటాయి. ఇవాళ కాకపోతే ఇక లేదు.

నాలుగు రోజులుగా చక్రం కాళ్ల దగ్గర తీగలు లాగిస్తున్న ఇంజనీరు దగ్గరికొచ్చాడు.

"పెద్దాయనా, పది గంటల సైరన్‌కి బొత్తాం మున్సిపల్ ఛైర్మన్ గారు నొక్కుతారు. మీకు ముందు వరసలో కుర్చీ వేయించాను."

"కుర్చీ నాకెందుకు బాబూ! పంతొమ్మిది నెలలు నొక్కిన వేలు ఇది."

"ఆర్డరు పైనుంచొచ్చిందండీ."

"పైనుంచి వచ్చేది పొగ ఒక్కటే అనుకున్నాం ఇన్నాళ్లూ," అంది భార్య. ఇంజనీరు వినిపించుకోకుండా వెళ్లిపోయాడు. ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఒక్కనాడైనా నన్నెక్కించావా దాన్ని?"

"నేనూ నీతో ఎక్కితే తిప్పేదెవడే?"

"అందుకేగా కిందనుంచే చూస్తూ ఉండిపోయాను. ఇవాళ ఆ బొత్తాం కూడా నీకు దక్కకపోతే ఇంటికి రాకు."

కారు దిగి ఛైర్మన్ వచ్చాడు. బల్ల మీదున్న చిన్న బొత్తాం పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. పదికి ఐదు నిమిషాలుంది. జనం ఈలలు.

"అంతా ఖాళీయేనా?" అని అరిచాడు ఇంజనీరు.

"ఖాళీ!" అవతల నుంచి పచ్చజెండా ఊగింది.

తాత ఊరుకోలేకపోయాడు. "పెట్టెలు పదహారూ చూశారా?"

"చూశాం పెద్దాయనా. తెల్లారి ఐదింటికే."

"ఐదింటికా? మూడో షిఫ్టు దిగేది ఆరింటికి కదయ్యా!"

ఇంజనీరుకి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే తాత తాడు కిందనుంచి దూరి పరుగందుకున్నాడు.

"ఆగండి! ఎవరైనా ఆయన్ని ఆపండి!"

ఆగేదెవరు? పార్కు మూసిన రోజున ఏడో పెట్టె కిందికొచ్చి ఆగింది. షిఫ్టు దిగి, ఇంటిదాకా నడిచే ఓపిక లేనివాళ్లు ఏళ్ల తరబడి అందులోనే కునుకు తీస్తున్నారు. ఆ సంగతి కాపలా కాసేవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది? తాత తలుపు లాగాడు.

బూట్లు తలకింద పెట్టుకుని, చెవుల్లో దూది తియ్యకుండా, ఒక క్రేను డ్రైవరు గుర్రు పెడుతున్నాడు. మిల్లు మోతలో బతికేవాడికి జనం గోల జోలపాటతో సమానం.

"లేవరా కుంభకర్ణుడా!"

"అప్పుడే షిఫ్టు టైమైందా తాతా?" అన్నాడు వాడు ఒక కన్ను తెరిచి.

జనం పగలబడి నవ్వారు. బూట్లు చంకలో పెట్టుకుని వాడు, వాడి మెడ పట్టుకుని తాత, తాడు ఇవతలకి వచ్చారు.

ఇంజనీరు నవ్వలేదు. ఉన్నచోటే చతికిలబడ్డాడు. ఛైర్మన్ తన చేతిలోని బొత్తాం పెట్టెని చూసుకుని, చెయ్యి కాలినట్టు గబుక్కున బల్ల మీద పెట్టేశాడు.

"పెద్దాయనా," అన్నాడు ఛైర్మన్. "ఇది మీరే నొక్కండి. నావల్ల కాదు."

"నిచ్చెన తెప్పించండి. మిగతా పదిహేనూ చూడాలి."

పైన రెండు పావురాలు తప్ప ఏమీ దొరకలేదు. వాటినీ తోలేశాడు. పది గంటల సైరన్ పోయింది, పదకొండు గంటల సైరన్‌కి ముహూర్తం మారింది. ఒక్కడంటే ఒక్కడు ఇంటికి పోలేదు. ఇంకా వస్తూనే ఉన్నారు.

సైరన్ కూసింది. ఊరు ఊరంతా ఒక్క గొంతుతో లెక్కపెట్టింది.

"పది! తొమ్మిది! ఎనిమిది!"

తాత బొటనవేలు బొత్తాం మీద ఆనించాడు. రెండో చెయ్యి భార్య పట్టుకుంది.

"ఏడ్చావంటే ఊరుకోను," అంది.

"పొగే, పొగ," అన్నాడు. గాలి ఆ పూట అటుపక్కకి వీస్తోంది.

"మూడు! రెండు! ఒకటి!"

జనాన్ని కళ్లారా ఒక్కసారి చూసుకుని, నొక్కాడు.

మందుగుండు పేలింది, చక్రం కూలింది.