ఉన్ని మెత్త, గాలి మెత్త

మార్చి ఆరు, శుక్రవారం. ఆ తేదీ కల్లమ్‌కు బాగా గుర్తు. గ్వెండా పనిబల్ల చివర కూర్చుని, చల్లారిన గొర్రెమాంసం పెట్టిన రొట్టె సగం తిన్నాడు. రుచి తెలియలేదు. తినాలి కాబట్టి తిన్నాడు.

గ్వెండా జీనును తిరగేసి, గుర్రం వెన్నుకు ఆనే రెండు మెత్తల్నీ బొటనవేళ్లతో నొక్కి చూస్తోంది. చిన్నప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. గొర్రెల పెంపకానికి పేరున్న ఆర్మిడేల్‌లో జీనులు బాగుచేయడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లయింది.

"లోపలి ఉన్ని రాయైపోయింది మాస్టారూ. తీసేసి కొత్తది కూరతాను."

"గాలి సంచులు పెడితే?"

గ్వెండా కళ్లజోడు మీదుగా చూసింది. "గొర్రెల మధ్య పుట్టి గాలి అడుగుతున్నారా? ఊళ్లో అనకండి, వెలేస్తారు."

కల్లమ్ అప్పుడు అసలు సంగతి చెప్పాడు, రేడియోలో వాతావరణం చదివినట్టు. ఆయన భార్య ఎల్స్పెత్ మూడేళ్లుగా ఒక్కొక్కటే మరిచిపోతోంది. ముందు పిల్లల పేర్లు పోయాయి, తర్వాత ఆయన పేరు. మిగిలింది ఈ జీను ఒక్కటే. రోజూ సాయంత్రం నాలుగింటికి కొట్టంలోనే గుర్రం హేజల్ మీద ఎక్కించి, కళ్లెం చేతికిచ్చి, పక్కన నిలబడతాడు. ఆ అరగంటా నడుము నిటారుగా పెట్టి మాట్లాడుతుంది. పది రోజులుగా మాత్రం ఎక్కిన వెంటనే దిగిపోతోంది. కింద గుర్రం కదలిక తెలియడం లేదంటుంది. దిగి, పడుకునేదాకా గోడ వైపు తిరిగి కూర్చుంటోంది. ఇది కూడా మానేస్తే తమ ఇద్దరి మధ్యా ఏం మిగులుతుందో ఆయనకు తెలియదు.

గ్వెండా ఓదార్చబోకుండా పని మాటే ఎత్తుకుంది. కల్లమ్‌కు అదే మేలనిపించింది. ఉన్నికీ గాలికీ తేడా తాపీగా వివరించింది. ఉన్ని వెన్ను ఆకారానికి ఒదిగిపోతుంది, గుర్రానికి హాయి. గాలి ఎక్కడా కుదురుకోదు, తేలుతూనే ఉంటుంది. పైనున్న మనిషి కాస్త ఒళ్లు కదిపినా గుర్రం అడుగు వేసినట్టే ఉంటుంది.

"కానీ నిలకడ తక్కువ. ముసలి గుర్రానికి అది శిక్షే."

"హేజల్ ఏమీ అనుకోదు."

"మీతో చెప్పిందా?"

"దాని ఓపిక నీకు తెలీదమ్మా. నిలబెట్టిన చోటే ఉంటుంది."

"సరే. నన్ను ఎవరి సుఖం చూడమంటారు, గుర్రానిదా, మనిషిదా?"

"ఎల్స్పెత్‌ది."

"ఈ మాట ఆవిడ విని ఉంటే మీ చెవి మెలిపెట్టేది."

"మెలిపెట్టేది," అని ఒప్పుకున్నాడు.

గ్వెండా చెయ్యి చాపింది. వెన్ను కొలత చూడనిదే ఆమె ఏ జీనూ ముట్టదు. వీపు మీద తీగ వంచి, ఆ వంపును అట్ట మీద గీసి, గుర్రం చిక్కిందో బలిసిందో తెలియడానికి ఏటా తెచ్చివ్వాలి. కల్లమ్ పొద్దున గీసిన అట్ట ఇచ్చాడు. ఆమె సొరుగులోంచి నిరుటి అట్ట తీసి, రెండూ ఒకదానిమీదొకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

రెండు గీతలూ ఒక్కటైపోయాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

నిరుడు చలికాలం తర్వాత ఆ చుట్టుపక్కల చుక్క వాన లేదు. ఎముకలు బయటపడని గుర్రం ఎక్కడా లేదు. గ్వెండా అట్టల్ని చాలాసేపు చూసింది. తర్వాత కల్లమ్ చేతుల్ని చూసింది. ఎడమ బొటనవేలి మీద మానిన ఉలిగాటు ఉంది.

అట్టలు రెండూ కలిపి సొరుగులో పెట్టేసింది.

"గాలే పెడతాను మాస్టారూ. కాస్త తక్కువగా నింపుతాను, ఇంకా బాగా ఊగుతుంది. నేను పని కానిచ్చేలోగా మీరా మిగతా రొట్టె తినండి."

నాలుగు దాటాక ఇల్లు చేరాడు. అప్పటిదాకా ఎల్స్పెత్‌ను కనిపెట్టుకుని ఉన్న పక్కింటి నోలా వెళ్లిపోయింది. కల్లమ్ భార్యను కొట్టంలోకి నడిపించి, భుజం ఆసరా ఇచ్చి ఎక్కించాడు. ఆమె కళ్లెం పట్టుకుని ఊరికే కూర్చుంది. ఇప్పుడే దిగుతానంటుందని ఆయన చెయ్యి చాపి ఉంచాడు.

ఆమె కాస్త పక్కకు జరిగింది. నడుము ఊగింది. మళ్లీ ఊగింది.

"నడుస్తోంది," అంది. కాసేపాగి, "ఏటివైపు పోదామా కల్లమ్?"

ఆయన చాపి ఉంచిన చెయ్యి దించేశాడు.

"పోదాం," అన్నాడు.

ఆ రోజు ఏటిదాకా వెళ్లి తిరిగి రావడానికి గంట పట్టింది. పొద్దు గుంకాక ఆమెకు సూప్ తాగించి, పడుకోబెట్టి, కల్లమ్ మళ్లీ కొట్టానికి వచ్చాడు. హేజల్ మీంచి జీను దించి, తుడిచి, కొక్కేనికి తగిలించాడు.

చెక్క గుర్రం మీద దుప్పటి కప్పి, తలుపు మెల్లగా మూశాడు.