పాతదే చాలు

తుడియలూరు షాపులో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన తెరిచి పెట్టారు. కొత్తదానికి ప్రాసెసర్‌లో కోర్లెక్కువ, పాతదానికి బరువెక్కువ.

"మెయిళ్లు, బిల్లులే కదా మామా. ఏది తీసుకుందాం?" తమిళంలో అడిగింది కోడలు మాలిని.

అత్త నాగమ్మాళ్ మొగుడి వైపు తిరిగి, ఎప్పటిలాగే వాళ్లింటి తెలుగులోకి దూకింది. "ఈ అరవపిల్లకి కొత్తదేంటికి? పాతది చాలు. కొత్తది మన కూతురికి కొందాం."

"అవునే! కూర చేతగానిదానికి కోర్లెందుకు?" మామ అప్పసామి పకపకా నవ్వాడు.

మాలిని పాతదాన్ని దగ్గరికి లాక్కుంది.

"పాతదే చాలు అత్తా," అంది తడబడుతూ, తెలుగులో. "మీ మాట నేర్చుకున్నా. కూర కూడా నేర్చుకుంటా మామా."



అర్థం కాదనుకుని పెళ్లినాటి నుంచి ఈ పిల్ల ఎదుటే తెలుగులో అన్నవన్నీ నాగమ్మాళ్‌కి ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి.