నక్షత్రం మాయమయ్యే ముహూర్తం

ఇప్పుడు పెళ్లి ముహూర్తమంటే పంచాంగం తిరగేస్తే తేలేది కాదు. ఆకాశంలో ఏదో గ్రహశకలం ఏదో నక్షత్రానికి అడ్డొస్తుంది. ఆ నక్షత్రం మాయమైన క్షణానే తాళి పడాలి. సెకనులో వెయ్యోవంతు తేడా వచ్చినా కాపురం నిలవదని మా పురోహితులు అవధానిగారు తేల్చేశారు. ఆ క్షణాన్ని పట్టే సరంజామా ఆడపెళ్లివారే తేవాలట.

మా అమ్మాయి పెళ్లికని నేనూ మా ఆవిడ కనకవల్లీ టెలిస్కోపుల కొట్టుకెళ్లాం. నేను నిలువెత్తు గొట్టం ముందు ఆగిపోయాను.

"ఇదే కావాలి. వియ్యాలవారి కళ్లు చెదరాలి."

"మీ నక్షత్రం బాగా వెలిగేదేనండీ, చిన్న గొట్టం చాలు. కెమెరా మాత్రం వేగంగా ఉండాలి, టైము ఉపగ్రహం నుంచి తీసుకోవాలి," అన్నాడు కొట్టతను.

"అగ్గిపెట్టెంత కెమెరా ఎవరికి కనిపిస్తుందయ్యా?"

"అది ఎవరికీ కనిపించక్కర్లేదు. దానికి నక్షత్రం కనిపిస్తే చాలు," అని మా ఆవిడ చిన్న గొట్టం, మంచి కెమెరా కట్టించేసింది.

పెళ్లినాడు రాత్రి మండపంలో దీపాలన్నీ ఆర్పేసి ఊపిరి బిగబట్టాం. నక్షత్రం మాయమైంది. కెమెరా గంట కొట్టింది. గట్టిమేళం మోగింది, అల్లుడు ముడి వేశాడు. వెయ్యోవంతు కూడా తేడా లేదని అవధానిగారు ప్రకటించేసరికి నా కళ్లు చెమర్చాయి.

దీపాలు వెలిగాయి. ఫొటోగ్రాఫరు పెదవి విరిచాడు.

"చీకట్లో ఏమీ పడలేదు సార్. తాళి తీసి మళ్లీ కట్టమనండి."

తాళి తీయడమా! హడలిపోయి అవధానిగారి వంక చూశాను. ఆయన అప్పటికే కండువా సర్దుకుని, ఫొటోగ్రాఫరు వైపు తిరిగి, మంత్రం మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.