మొదటి నంబరు

"రింగవుతోంది, పట్టుకోండి," అంటూ భార్య ఫోను కవి చేతిలో పెట్టింది.

ఏటా వసంతం మొదలైన రోజు పొద్దున్నే ఇరవైమందికి ఫోన్ చేసి కొత్త కవిత వినిపించడం ఆయన అలవాటు. నంబర్లు కలిపే పని ఆమెది. ఈసారి కవిత లేదు, వద్దన్నాడు. పాతదైనా చదవమని ఆమె పట్టుబట్టింది.

"ఎవరికి చేశావు?"

ఆమె జాబితా చూసుకుని నాలుక కరుచుకుంది. అలవాటు కొద్దీ మొదటి నంబరే కలిపేసింది. అది ఆయన అక్క ఇంటిది. అక్క పోయి నాలుగు నెలలు. అప్పటినుంచి ఆయనకి ఏడుపూ రాలేదు, అక్షరమూ రాలేదు.

పెట్టేసేలోపే అవతల బావ ఎత్తాడు. "ఏరా కవీ, ఈ ఏడాది నన్ను వదిలేశావనుకున్నాను."

ఇన్నేళ్లూ ఫోను మోగగానే "నీ తమ్ముడి గోల" అంటూ అక్కకి అందించేసిన మనిషి.

"కొత్తది లేదు బావా."

"పోయినేడాదిది చదువు. అప్పుడు నా టీవీ గోలలో ఒక్క ముక్కా వినలేదు."

కవి చదివాడు. కరెంటు బిల్లు చదివినట్టు చదివాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇప్పుడు నేనేమనాలిరా? మీ అక్క ఏమనేది?"

కవి ఆలోచించాడు. ముప్పై ఏళ్లలో అక్క ఒక్కసారి కూడా కవిత గురించి మాట్లాడలేదని ఇప్పుడే తట్టింది.

"ఏమైనా తిన్నావా అనేది బావా."



"తిన్నావా మరి?"

"లేదు. నువ్వో?"

"నేనూ లేదురా," అన్నాడు బావ.