చారల మందు

"గుంటడు గుక్కపట్టి ఏడుస్తన్నాడు. పాలు సాల్నేదేటమ్మా?" అంది మంత్రసాని తాతమ్మ, పెరటి వసారాలో చతికిలబడుతూ.

"ఆవుపాలు పట్టాం. ఆడి సంగతి తరవాత. నువ్విలా దగ్గరికి జరుగు," అంది పరమేశ్వరి.

తాతమ్మకు ఒళ్ళు మండింది. ఇరవై రోజుల పసిగుడ్డుకి ఆవుపాలట! చన్నిస్తే ఒళ్ళు జారిపోతుందని భయం కాబోలు.

నరసన్నపేటలో ముప్పై ఏళ్ళుగా తాతమ్మే మంత్రసాని. పరమేశ్వరినీ, ఆమె చెల్లెలు కన్యాకుమారినీ ఈ ఇంట్లో, ఈ చేతులతోనే నేల మీదికి తీసింది. వాళ్ళమ్మ పోయాక తండ్రి రంగనాథం షావుకారు పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళు చేశాడు. చిన్నది ఏడాది తిరక్కుండానే బొట్టు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పెద్దది పరమేశ్వరిని విశాఖపట్నం ఇచ్చారు. ఎనిమిదేళ్ళయినా కడుపు పండలేదు. మొన్న వేసవిలో విశాఖలో బాంబులు పడ్డాక ఆమె కూడా ఇక్కడికి వచ్చేసి, నీళ్ళోసుకున్నానని చెప్పింది. ఊరంతా సంతోషించింది. తీరా నాలుగో నెల రాగానే అక్కచెల్లెళ్ళిద్దరూ రామతీర్థం దగ్గర మేనత్త ఇంటికి వెళ్ళారు. పురుడు అక్కడే కానిచ్చుకుని, పిల్లాడితో తిరిగొచ్చారు. తాతమ్మను పిలవనైనా లేదు. ఆ కడుపుమంట ఆమెకింకా చల్లారలేదు.

"సెప్పమ్మా, నాతోటి ఏటి పనిబడింది?"

పరమేశ్వరి వీధి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "కానుపైన ఆడదాని పొట్ట మీద చారలు పడతాయి కదా. అవి ఎందుకొస్తాయి?"

పనిగట్టుకుని కబురంపింది ఇందుకా! తాతమ్మ నోట్లోని తమలపాకు పెరట్లోకి ఉమ్మేసింది.

"ఎందుకేటి? లోపల బిడ్డ పెరుగుతాడు, పొట్ట సాగుతాది. తోలు అంత బేగి సాగనేదు. అడుగున సిట్లిపోతాది. కానుపుకే అని కాదు. ఉన్నపళంగా ఒళ్ళొచ్చినోళ్ళకి తొడల మీద పడతాయి. ఒక్కసారి ఏపుగా ఎదిగిన గుంటలకీ పడతాయి. తల్లికి ఉంటే కూతురికీ వస్తాయి. మీయమ్మకి వచ్చినాయి, నాను సూసినాను."

"అందరికీ వస్తాయా?"

"ఏ కొద్దిమందికో రావు."

"రంగు ఎలాగుంటాది?"

"నీ పొట్ట నీకు తెల్దేటి?"

పరమేశ్వరి తడబడింది. "అది కాదు... ఇరవై రోజులకి ఎలా ఉండాలా అని."

"కొత్తల్లో వంకాయ రంగు. ఏడాది తిరిగీసరికి తెల్లబడి సేప పొట్టనాగ మెరుస్తాయి."

లోపలి గదిలో పిల్లాడు మళ్ళీ ఏడుపందుకున్నాడు. పరమేశ్వరి కదల్లేదు. కాసేపటికి ఏడుపు దానంతట అదే ఆగింది.

"చెల్లి ఎత్తుకుంది," అంది.

"సెల్లికి జొరమన్నారు! మంచం దిగట్లేదన్నారు!"

"అవును. నువ్వు మందుల సంగతి చెప్పు."

జ్వరంతో పడి ఉన్న విధవ పిల్ల పరాయి బిడ్డని ఓదారుస్తుంటే, కన్న తల్లి ఇక్కడ కూర్చుని పొట్ట అందం గురించి మాట్లాడుతోంది! అయినా షావుకారు ఇల్లు. తాతమ్మ నోరు కట్టుకుంది.

"నువ్వులనూనో కొబ్బరినూనో రాస్తే దురద తగ్గుతాది, తోలు మెత్తబడతాది. పసుపూ సున్నిపిండీ నలుగెడతారు. సంతలో ఒకడు కొండసిలవ కొవ్వని అమ్ముతాడు. అది రాసుకున్న నూకయ్య కోడలి పక్కన కుక్క కూడా పడుకోనేదు, అంత కంపు!"

"నల్లజీడి రసం రాస్తే?"

తాతమ్మ ఉలిక్కిపడింది. "సాకలోళ్ళు గుడ్డల మీద గురుతులెడతారు, అదా? పొట్ట మీదా? తోలు కాలి, బొబ్బలెక్కి, రసి కారతాది తల్లీ! ఈగలు ముసురుతాయి!"

"మానాక మచ్చ ఏ రంగులో మిగుల్తాది?"

ఇక తాతమ్మ వల్ల కాలేదు. విసురుగా లేచి నిలబడింది.

"థూ! రోతగా ఉన్నాది నీ మాట వింటంటే. ఎన్ని వందల కానుపులు సేసినాను! పురిట్లో రగతం సూసినాను, మావి సూసినాను, ఎప్పుడూ రోత పడనేదు. నిన్ను సూస్తే పడతన్నాను. ఎవరి కోసరం ఈ సోకు? మొగుడి కోసరమా?"

"కాదు. అత్తగారి కోసం." పరమేశ్వరి కళ్ళు నేలమీదే ఉన్నాయి. "రేపు బాలసారకి వస్తున్నారు. కోడలికి తన చేత్తోనే నలుగుపెట్టి నీళ్ళు పోస్తానని ఉత్తరం రాశారు."

"పొయ్యనీ! మీయత్త మాలచ్చమ్మగోరు నలుగుర్ని కన్నాది. ఆవిడ పొట్ట మీద నేవా సారలు? నీ సారలు సూసి మురిసిపోతాది గాని మూతి ముడుస్తాదా? ఇన్నేళ్ళకి వంశం నిలబెట్టినావని కళ్ళకద్దుకుంటాది!"

పరమేశ్వరి కూర్చున్నచోటు నుంచే ముందుకు జరిగింది. "రేపు పొద్దుటికల్లా పని చేసే మందు ఏదైనా చెప్పు, తాతమ్మా. నీకు పుణ్యముంటాది."

చెబుతూనే ముందుకు వంగి మంత్రసాని రెండు పాదాలూ పట్టుకుంది. తాతమ్మ నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగింది.

"నా కాళ్ళట్టుకుంటావేటి, షావుకారు బిడ్డవయ్యుండి! నువ్వెంత ఏడిసినా అవి పోడానికి ఈ బూమ్మీద మందు నేదు. ఎల్లి నీ బిడ్డని సూసుకో!"

పరమేశ్వరి పాదాలు వదల్లేదు. తల మాత్రం ఎత్తింది.

"పోవడానికి కాదు తాతమ్మా, రావడానికి."