టీచరమ్మ కుడిపాదం

"మోకాలి కింద తీసేద్దాం. ప్రాణానికి ముప్పు ఉండదు," అన్నాడు డాక్టరు.

మంచం మీద ఉన్న డాన్సు టీచరమ్మ, నల్లబడ్డ కుడికాలి వేళ్ళకేసి చూసుకుంది. "బెలూనుతో రక్తనాళాలు తెరుస్తారటగా. అది చెయ్యండి."

"పాదంలో నాళాలు దారాల్లా ఉంటాయమ్మా. తొడ మొదట్లోంచి తీగ పంపి అక్కడిదాకా వెళ్ళాలి. వెళ్తుందన్న నమ్మకం లేదు. ఈలోగా కుళ్ళు పైకి పాకితే? అయినా ఈ వయసులో మీరు గంతులెయ్యాలా? కుర్చీలో కూర్చుని పాఠం చెప్పండి. నోరుంది, చేతులున్నాయి."

"నా పిల్లలకి నోటితో చెబితే రాదు బాబూ."

"ఇంకో టీచర్ని చూసుకుంటార్లేవే!" మంచం పక్కనే ఉన్న ఆమె అక్క కసిరింది. "ప్రాణం దక్కితే అదే పదివేలు."

"వాళ్ళని ఎవరూ చేర్చుకోరక్కా. ప్రాణం సంగతి దేవుడు చూసుకుంటాడు. కాలి సంగతి ఈయన్ని చూడనీ."

"మొండిఘటం!" అంది అక్క. డాక్టరు నిట్టూర్చి ఒప్పుకున్నాడు.

ఆపరేషన్ గది బయట అక్క కళ్ళు మూసుకుంది. దేవుణ్ణి ఏమడగాలో తేలలేదు. ప్రాణంతోపాటు కాలూ అడిగితే అత్యాశ అనుకుంటాడేమో! చివరికి, "దాని ఇష్టమే నీ ఇష్టం చేసుకో స్వామీ," అంది.

తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు కిందికి లాగాడు. నవ్వుతున్నాడు.

"నాళం మొరాయించి మొరాయించి దారిచ్చింది. చిటికెనవేలు పోతుందేమో గానీ, పాదం నిలబడింది. రక్తం పారుతోంది."

టీచరమ్మ లేచి కూర్చున్న రోజు ఆమె శిష్యురాళ్ళు వచ్చారు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, బిలబిలమంటూ వార్డులోకి నడిచారు.

"ఆసుపత్రిలో రైలాటలేమిటర్రా!" పక్క మంచం దగ్గర్నుంచి నర్సు కేకేసింది.

టీచరమ్మ కుడిపాదం మెల్లగా నేలకి ఆనించింది. వెచ్చగా, బరువుగా, తనదిగా ఉంది.

"రండర్రా, మొదలెడదాం."

పిల్లలు గబగబా కింద కూర్చుని ఆ పాదం మీద చేతులు వేశారు. అప్పుడే వచ్చిన డాక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అబ్బ, ఎంత గురుభక్తి!"

"భక్తీ లేదు, పాడూ లేదు బాబూ, పాఠం," అంది టీచరమ్మ, మడమ ఎత్తి దించుతూ. "నా అడుగు ఎలా పడుతుందో వీళ్ళు తడిమే నేర్చుకోవాలి. ఒక్కరికీ చూపు లేదు."