మూడో విజిల్

చదువుల బళ్ళన్నీ ఇళ్ళ గోడల మీది తెరల్లోకి వచ్చేసిన కాలం అది. తెనాలిలో సుదర్శనం ఇంట్లో హాలు గోడే బడి. కవలలు వైదేహి, చరణ్ దాని ముందే చాప వేసుకుని కూర్చునేవారు. భార్య పోయాక సుదర్శనం ఇద్దరికీ వంట నేర్పి, వంతులు వేశాడు.

ఆ రోజు గోడలోని టీచరమ్మ మెత్తగా చెప్పింది. "ఆడపిల్లలకి గోడబడి అంత ఇష్టం లేదని తేలింది. పాఠం మధ్యలో ధ్యాస తప్పుతోంది. రేపటి నుంచి వాళ్ళకి లెక్కలు సగానికి తగ్గిస్తున్నాం."

హాల్లోనే ఓ పక్కన వంకాయలు తరుగుతున్న సుదర్శనం చెయ్యి ఆగింది. వైదేహికి లెక్కలంటే ప్రాణం.

ఆ పిల్ల లేచి నిలబడింది. "ఇష్టం లేక కాదు టీచర్. బడి ఇంట్లోనే ఉంటే, చాలా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆడపిల్లలు ఖాళీగా ఉన్నారనుకుంటారు. 'ఏమేవ్, స్టవ్ కట్టెయ్' అని ఆడపిల్లల్నే కేకేస్తారు. తమ ఇంట్లో కుక్కర్ ఇప్పటికి ఎన్ని విజిల్స్ వేసిందో మగపిల్లల్ని అడగండి!"

టీచరమ్మ అడిగింది. గోడ నిండా కనిపిస్తున్న మిగతా ఇళ్ళ మగపిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు.

"మా ఇంట్లో కుక్కర్ ఉందా?" అన్నాడొకడు. ఆడపిల్లలు పకపకా నవ్వారు.

అంతలో వంటింట్లో విజిల్ మోగింది. చరణ్ దిగ్గున లేచాడు. "మూడు టీచర్! ఇవాళ వంతు నాది."

"పాఠం మధ్యలో లేస్తే ధ్యాస తప్పిందని రాస్తాను చరణ్."

"రాసుకోండి. అక్క లెక్కలు మాత్రం తగ్గించకండి!" వంటింట్లోంచి అరిచాడు వాడు.

"తగ్గించను," అంది టీచరమ్మ. "మగపిల్లలూ, రేపు విజిల్స్ లెక్కపెట్టి, స్టవ్ కట్టేసి రండి."

సుదర్శనం పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. తరుగుతున్నవి ఉల్లిపాయలైనా కావు.